సవర భాషకు సేవచేసిన గిడుగు రామమూర్తి

వికారాబాదు, తాండూరు ప్రాంతములందలి తండాలలో పుట్టిన పెక్కుమంది పిల్లలకు ఇంటిభాష లంబాడీ, బడిభాష తెలుగు. మన దేశమున ఇట్టి బాలబాలికలు లక్షలకొలది కలరు. బడిలో చోటు దొరకని భాష క్రమముగా ఇంటిలోను క్షీణించును. తాతకు వచ్చిన మాట మనుమనికి రాకపోవుటయే అందుకు తొలి గుర్తు. ఈ సంగతిని నూఱేండ్లకు పూర్వమే గ్రహించి, తనది కాని యొక భాషకొఱకు జీవితమును ధారవోసిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, వంశధారా తీరమునగల పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. ఆ యూరు శ్రీకాకుళమునకు ఉత్తరమున, ముఖలింగ క్షేత్రమునకు సమీపమున నున్నది. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యముననే తండ్రి మరణించుటచే ఆయన చదువు విజయనగరమున సాగినది. గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులై, మఱుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఉద్యోగము చేయుచునే స్వయముగా చదివి పట్టభద్రులైరి.

పర్లాకిమిడికి సమీపమున నున్న కొండలు సవరల నివాసము. వారి భాష తెలుగుతో గాని, ఒరియాతో గాని చుట్టరికము లేనిది. అది సంతాలీ, హో భాషలవలె ముండా కుటుంబమునకు చెందినది. దూరదేశమైన కంబోడియాలోని ఖ్మేరు భాషయు దానికి దూరపు బంధువే. ఆ కాలమున సవర భాషకు లిపి లేదు, బడి లేదు. చదువు కోరిన సవర బాలుడు ముందుగా పరభాష నేర్వవలసి యుండెను. ఇది పంతులుగారి మనస్సును కలచివైచినది.

వారికి వారి భాషలోనే చదువు చెప్పవలయునని ఆయన నిశ్చయించిరి. అందుకు ముందు ఆ భాషను తాను నేర్వవలెను. నేర్చుటకు పుస్తకము లేదు. తెలుగు, సవర రెండును తెలిసిన యొక మనుష్యుని తమ యింటనే ఉంచుకొని, అతని నోట విన్న ప్రతి మాటను వ్రాసికొనిరి. సవర భాషలో గొంతున ఆపి పలుకు ధ్వనులు కలవు. వానికి మన అక్షరములలో గుర్తులు లేవు. అందుచేత ధ్వనిశాస్త్రమును అభ్యసించి, వినినది వినినట్లే వ్రాయుటకు తగిన గుర్తులను ఏర్పఱచుకొనిరి.

పిమ్మట మాటలకొఱకు, పాటలకొఱకు, కథలకొఱకు సవర గ్రామములు తిరిగిరి. ఆ మన్యము చలిజ్వరములకు పుట్టినిల్లు. పంతులుగారికి మలేరియా సోకినది. కొయినా మందు విశేషముగా వాడుటచే జ్వరము తగ్గినది గాని, చెముడు వచ్చి జీవితాంతము నిలిచిపోయినది. చెవియే సాధనముగా భాష నేర్చిన వానికి ఇంతకంటె నష్టమేమున్నది? అయినను ఆయన పని మానలేదు.

సవర భాషలో వాచకములు వ్రాసిరి. సొంత ధనముతో జీతములిచ్చి బడులు నడిపిరి. సవర విద్యార్థులను అంటరానివారిగా చూచు ఆ దినములలో వారికి తమ యింటనే బస, భోజనము ఏర్పాటుచేసిరి. ప్రభుత్వము ధనమీయజూపగా, దానితో బడి పెట్టి వారి భాషలోనే పాఠములు చెప్పింపుడని కోరిరి. 1913లో ఆయనకు రావు బహదూరు బిరుదము లభించెను. ముప్పదియేండ్ల పరిశ్రమకు ఫలముగా సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వముచే అచ్చువేయబడినవి. కుమారుడు సీతాపతిగారును ఈ కృషిలో పాల్గొనిరి. జనులు పలుకు భాషకే గౌరవము దక్కవలెనను ఈ విశ్వాసముతోనే పంతులుగారు తెలుగులో వ్యావహారిక భాషోద్యమమును నడిపిరి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేరగా, ఆయన రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. 1940 జనవరి 22వ తేదీన కీర్తిశేషులైరి. ఆగస్టు 29వ తేదీని మనము తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

పంతులుగారు కలముతో చేసిన పనికి నేడు యంత్రములు తోడైనవి. 1936లోనే మంగయి గొమాంగో అను సవర విద్వాంసుడు తన భాషకు సొరాంగ్ సోంపెంగ్ అను లిపిని కల్పించెను. కంప్యూటరులు లోకమందలి అక్షరములన్నిటిని గుర్తించుటకై ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చు ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. 2012లో సవర లిపికి అందు చోటు దొరకినది. ఆ సంవత్సరముననే సవర భాషకు పలికెడి నిఘంటువు ఇంటర్నెట్టులో వెలువడినది. అందు పదమును చూచుటయే గాక, సవరల కంఠమున వినవచ్చును. చెవి కోల్పోయి పంతులుగారు కూర్చిన సంపదకు ఇట్లు స్వరము తోడైనది.

అయినను యంత్రము మాటను దాచగలదే గాని, దానికి ప్రాణము పోయలేదు. ఆ ప్రాణము పిల్లల నాలుకపై నుండును. వికారాబాదు, తాండూరు తండాలలోని లంబాడీ పాటలను, సామెతలను నేడు చేతిలోని ఫోనులోనే భద్రపఱుపవచ్చును. అవ్వ పాడిన పాటను పదిలపఱచిన బాలిక, దానిని తానును పాడవలెను. తోటివారు ఆ మాటను పరిహసింపక ఆదరముతో వినవలెను. రామమూర్తి పంతులుగారి జీవితము మనకు బోధించు పాఠమిదియే.