డిస్కు బ్రేకు పితామహుడు లాంచెస్టర్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఎందరో మహనీయుల జీవితాలు వస్తుంటాయి. అంబేడ్కర్, జాషువా, కలాం గార్ల గురించి మన సీనియర్లు ఎంతో చక్కగా రాశారు. ఈసారి మేము ఒక ఇంజనీరు గురించి రాయదలచుకున్నాము. మెకానికల్ చదివేవారికి ఆయన పేరు సుపరిచితమే. మిగతావారు ఆ పేరు వినకపోయినా, ఆయన చేసిన ఆలోచన మీద ప్రాణాలు పెట్టి రోజూ ప్రయాణం చేస్తూనే ఉన్నారు. ఆయనే ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్.

ఈయన్నే ఎందుకు ఎన్నుకున్నామో ముందుగా చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదటిసారి. మా అన్నయ్య పదో తరగతితో చదువు ఆపేసి పికప్ బండి ఎక్కాడు. ఆ బండి కిరాయి డబ్బులతోనే మా పరీక్ష ఫీజులు, పుస్తకాలు. మదనపల్లె మార్కెట్టులో టమోటా క్రేట్లు ఎత్తుకుని, పీలేరు మీదుగా భాకరాపేట ఘాట్ దిగి తిరుపతికి పోవడం ఆయన పని. మేము పీజీలో చేరిన ఏడాది ఒక తెల్లవారుజామున ఆ ఘాట్ దిగుతుండగా బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి పోయింది. అన్నయ్య గేరు తగ్గించి, బండిని కొండవైపు కాలువలోకి దించి ఆపాడు. మణికట్టు విరిగింది. క్రేట్లన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆ నష్టాన్ని బండి యజమాని మూడు నెలల జీతంలో కోసుకున్నాడు.

అంతకు వారం ముందు నుంచే బండి ఎడమవైపుకు లాగుతోందని, ముందు ఎడమ చక్రం దగ్గర మాడు వాసన వస్తోందని అన్నయ్య చెబుతూనే ఉన్నాడు. షెడ్డులో ప్యాడ్లు మార్చి పంపించారు. కాలిపర్ ఊడదీసి చూడలేదు. మంచానపడ్డ అన్నయ్యను చూసి హాస్టల్‌కు తిరిగి వచ్చాక, అసలు ఈ కాలిపర్ అంటే ఏమిటో తెలుసుకోవాలని లైబ్రరీలో కూర్చున్నాము. ఆటోమొబైల్ పాఠ్యపుస్తకంలో చరిత్ర మొత్తం ఒక్క వాక్యంలో ముగించారు. 1902లో లాంచెస్టర్ పేటెంటు తీసుకున్నాడని, అంతే. ఆ ఒక్క వాక్యం వెనకాల ఇంత జీవితం ఉందని మాకు అప్పుడు తెలియదు.

లాంచెస్టర్ 1868 అక్టోబరు 23న లండన్‌లోని లూయిషంలో జన్మించారు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ భవన నిర్మాణ శిల్పి. తల్లి ఆక్టేవియా లెక్కలు, లాటిన్ నేర్పేవారు. ఎనిమిది మంది సంతానంలో ఈయన నాలుగోవారు. అంటే మనలాగా చదువులేని ఇంటి నుంచి వచ్చినవారు కారు. ఆ మాట దాచడం మాకు ఇష్టం లేదు. అయినా ఆయన చదువు కూడా సాఫీగా సాగలేదు. సౌతాంప్టన్‌లోని హార్ట్లీ ఇన్‌స్టిట్యూషన్‌లో చదివి, స్కాలర్‌షిప్పు మీద లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని సైన్సు కళాశాలలో చేరారు. అక్కడ పనిముట్లతో చేసే చదువు చాలలేదని, సాయంత్రాలు ఫిన్స్‌బరీలోని సాంకేతిక పాఠశాలకు వెళ్లి వర్క్‌షాపు పని నేర్చుకున్నారు. చివరికి ఏ పట్టా లేకుండానే బయటికి వచ్చేశారు.

పేటెంటు కార్యాలయానికి సంబంధించిన బొమ్మలు గీసే ఉద్యోగం దొరికింది. వారానికి మూడు పౌండ్లు. తరువాత 1888 చివరలో బర్మింగ్‌హామ్ నగరంలోని సాల్ట్లీలో గ్యాసు ఇంజన్లు చేసే ఫార్వర్డ్ కంపెనీలో అసిస్టెంట్ వర్క్స్ మేనేజరుగా చేరారు. ఇక్కడ జరిగిన ఒక చిన్న సంగతిని మేము మళ్లీ మళ్లీ చదువుకున్నాము. ఉద్యోగ ఒప్పందంలో ఒక షరతు ఉంది. పనిలో ఉండగా ఆయన ఏ కొత్త మెరుగుదల కనిపెట్టినా అది కంపెనీ సొత్తు అవుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు, చేతిలో పట్టా లేదు. అయినా సంతకం పెట్టే ముందు ఆ షరతును కలంతో కొట్టేశారు. కంపెనీవారు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాదే ఇంజను వేగాన్ని అదుపు చేసే పెండ్యులం గవర్నరును కనిపెట్టారు. దానిని బిగించిన ప్రతి ఇంజనుకు పది షిల్లింగుల రాయల్టీ ఆయనకు వచ్చింది. ఆ గీత కొట్టి ఉండకపోతే ఆ షిల్లింగులు లేవు. క్యాంపస్ ఇంటర్వ్యూలలో మన చేతికి ఇచ్చే కాగితాలను మనలో ఎందరం చివరిదాకా చదువుతున్నామో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇంజనును చేత్తో తిప్పి స్టార్టు చేయడం ప్రమాదమని దానికి ఒక స్టార్టరు కూడా తయారు చేశారు. ఇలా వచ్చిన డబ్బుతో ఫ్యాక్టరీ పక్కనే చిన్న వర్క్‌షాపు అద్దెకు తీసుకుని సొంత ప్రయోగాలు మొదలుపెట్టారు. 1896లో, అంటే 27 ఏళ్ల వయసులో, ఆయన మొదటి కారు రోడ్డెక్కింది. ఒకే సిలిండరు, 5 హార్స్‌పవర్. బ్రిటన్‌లో తయారైన తొలి పెట్రోలు కార్లలో అదొకటి. ఆ రోజుల్లో చాలామంది గుర్రపు బండికి ఇంజను తగిలించి కారు అనేవారు. లాంచెస్టర్ మాత్రం ప్రతి భాగాన్నీ లెక్కగట్టి మొదటి నుంచి కారుగానే గీశారు. ఇంజను అదురు తగ్గడానికి రెండు క్రాంకులను ఎదురెదురుగా తిప్పారు. 1899 డిసెంబరులో తమ్ముళ్లు జార్జి, ఫ్రాంక్ తోడుగా లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడింది. విడిభాగాలన్నీ గేజీలతో కొలిచి ఒకే కొలతకు చేయించారు. ఒక కారులోని భాగం ఊడదీసి మరో కారుకు బిగిస్తే సరిపోవాలన్నది ఆయన పట్టుదల. ఈ రోజు మనం షాపుకు పోయి ప్యాడ్ల సెట్టు అడిగి తెచ్చుకుంటున్నామంటే ఇటువంటి పట్టుదలలే కారణం.

ఇక అసలు విషయానికి వద్దాము. అప్పటి బ్రేకులు చాలా నాసిగా ఉండేవి. టైరు మీద చెక్క దిమ్మె ఒత్తడమో, డ్రమ్ము చుట్టూ పట్టీ బిగించడమో చేసేవారు. లాంచెస్టర్ 1902లో వేరే దారి చూపి పేటెంటు తీసుకున్నారు. చక్రంతోపాటు పలుచటి లోహపు పళ్లెం తిరుగుతుంది. ఆ పళ్లెం అంచును రెండు దవడలు రెండువైపుల నుంచి నొక్కి పట్టుకుంటాయి. సైకిలు బ్రేకు రబ్బర్లు రిమ్మును పట్టుకున్నట్లు అనుకుంటే అర్థమైపోతుంది. పళ్లానికి రెండు ముఖాలూ గాలి తగిలేట్టు బయటే ఉంటాయి కాబట్టి వేడి త్వరగా చల్లారుతుంది. ఈనాటి డిస్కు, కాలిపర్ సూత్రం అదే.

కాని ఆ బ్రేకు నిలబడలేదు. దవడలకు రాగి వాడారు. లోహం మీద లోహం రాసుకుని చెవులు చిల్లులుపడేంత కీచుమని అరిచేది. అప్పటి ఇంగ్లండు రోడ్లు తారు లేని మట్టి, కంకర రోడ్లు. దుమ్ము, బురద దవడల మధ్య చేరి రాగిని త్వరగా అరగదీసేవి. ఆ కాలంలోనే ఫ్రాన్సులో లూయీ రెనో వంటివారు తెచ్చిన డ్రమ్ము బ్రేకులో పనిచేసే భాగాలన్నీ డబ్బా లోపల మూసి ఉండేవి. మట్టి రోడ్లకు అదే మేలనిపించింది. లోకం డ్రమ్ము వైపు వెళ్లిపోయింది. లాంచెస్టర్ ఆలోచన తప్పు కాదు. దానికి తగిన ప్యాడు, తగిన రోడ్డు అప్పటికి పుట్టలేదు.

1904లో కంపెనీ దివాలా తీసింది. కార్లకు ఆర్డర్లు ఉన్నాయి, పెట్టుబడి చాలలేదు. మళ్లీ కొత్త పేరుతో నిలబెట్టినా డైరెక్టర్లతో ఆయనకు పొసగలేదు. 1909లో డైమ్లర్ కంపెనీకి సలహాదారుగా వెళ్లారు. ఆ కంపెనీ తమ్ముడు జార్జి చేతుల్లో పేరు తెచ్చుకుంది. మన దేశంలో నవానగర్, అల్వార్ సంస్థానాల రాజులు కూడా లాంచెస్టర్ కార్లు కొన్నారు. 1931లో అది బి.ఎస్.ఏ. సంస్థ చేతికి వెళ్లిపోయింది.

ఆయన విమాన శాస్త్రంలో చేసిన కృషికి ఇంకో వ్యాసం కావాలి. పక్షులు రెక్క ఆడించకుండా ఎలా తేలుతాయో చూసి, రైట్ సోదరులు ఎగరకముందే రెక్క మీద గాలి సుడులు తిరిగే తీరును వివరించారు. 1897లో ఆ వ్యాసాన్ని లండన్‌లోని పండితులు అచ్చు వేయడానికి నిరాకరించారు. 1907, 1908 సంవత్సరాలలో దానినే రెండు పెద్ద పుస్తకాలుగా తెచ్చారు. 1919లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1922లో రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నుకున్నారు. పట్టా లేకుండా కాలేజీ వదిలిన మనిషికి పట్టాలు ఇళ్లు వెతుక్కుంటూ వచ్చాయి. డబ్బు మాత్రం రాలేదు. 1919లో డొరొతియా కూపర్‌ను వివాహం చేసుకున్నారు. పిల్లలు లేరు. సొంతంగా పెట్టిన ప్రయోగశాల లాభాలు చూపలేదు. ముసలితనంలో పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికాయి. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో దేశానికి పనికిరాలేకపోతున్నానని బాధపడ్డారు. ఇతరుల దాతృత్వం వల్లనే సొంత ఇంట్లో ఉండగలిగారు. 1946 మార్చి 8న బర్మింగ్‌హామ్‌లోని ఆ ఇంట్లోనే కన్నుమూశారు.

ఏడేళ్ల తరువాత, 1953లో, ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో జాగ్వార్ సి-టైపు కార్లు డన్‌లప్ డిస్కు బ్రేకులతో దిగాయి. డ్రమ్ము బ్రేకుల కార్లు వేడికి పట్టు తప్పుతుంటే, ఇవి మలుపు దాకా వేగంగా వచ్చి అక్కడ ఆగగలిగాయి. జాగ్వార్ గెలిచింది. ఆ పందెంలో సగటు వేగం గంటకు 100 మైళ్లు దాటడం అదే మొదటిసారి. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. కారుతో డిస్కు బ్రేకు మామూలు జనం కార్లలోకి వచ్చింది. పేటెంటు నాటికి, దీనికి మధ్య అర్ధ శతాబ్దం గడిచింది.

మా అన్నయ్య బండికి ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. అటువంటి పికప్పులలో కాలిపర్ ఒకవైపే పిస్టను ఉండి, రెండు పిన్నుల మీద జారుతుంది. పిస్టను లోపలి ప్యాడును తోస్తే, కాలిపర్ మొత్తం జరిగి బయటి ప్యాడును లాక్కొస్తుంది. పెడల్ వదలగానే పిస్టను చుట్టూ ఉన్న రబ్బరు సీలు మెలి విడి దానిని వెంట్రుకవాసి వెనక్కు తెస్తుంది. అంత సున్నితం. పొలం గట్ల మట్టి, వాన నీరు, చిరిగిన రబ్బరు బూటు కలిసి పిన్నులకు తుప్పు పట్టిస్తే కాలిపర్ జరగదు. లోపలి ప్యాడు మాత్రమే అరుగుతుంది. పిస్టనే బిగుసుకుపోతే ప్యాడు డిస్కును వదలదు. చక్రం కాలిపోతుంది, బండి అటే లాగుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత ఆయిలు ఆ వేడికి మరిగి ఆవిరి బుడగలు కడితే పెడల్ మెత్తబడుతుంది. పరిమితికి మించిన లోడు, ఘాట్ దిగుడు తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. 1902లో లాంచెస్టర్‌ను ఓడించిన దుమ్మూ బురదే భాకరాపేట ఘాట్‌లో మా అన్నయ్య దగ్గరికి వచ్చాయి.

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అన్నయ్యతో కలిసి ఇంటి ముందే జాకీ ఎత్తి చక్రం ఊడదీశాము. పై పిన్ను వేలితో జరిగింది. కింది పిన్ను రావడానికి అరగంట పట్టింది. శుభ్రంగా తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజే రాశాము. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుందని అన్నయ్యకు మేము చెబుదామనుకున్నాము. ఆయనకు అది అప్పటికే తెలుసు. లాంచెస్టర్ గురించి మాత్రం తెలియదు. పనిచేస్తూనే ఆ కథ చెప్పాము. షరతు కొట్టేసిన దగ్గర అన్నయ్య స్పానరు పక్కన పెట్టి, మళ్లీ చెప్పమన్నాడు.