తుపాకి దించి కెమెరా పట్టినవాడు

మా ఊళ్ళో రాత్రిపూట చేలగట్టున కుందేలు కళ్ళల్లోకి టార్చిలైటు కొడితే అది కదలక నిలబడిపోతుంది. తర్వాత దాని గతి చెప్పక్కర్లేదు!

1859లో అమెరికాలో పుట్టిన జార్జ్ షిరాస్ కూడా వేటగాడే. వృత్తి లాయరు. 1889లో తుపాకి బదులు కెమెరా పట్టాడు. కొన్నేళ్ళకే మిషిగన్ సరస్సుల్లో రాత్రిళ్ళు పడవ మీద తిరుగుతూ జింకల్ని ఫోటోలు తీశాడు. పడవ ముందు దీపం వేటగాళ్ళదే. గుండు పేలే చోట మాత్రం మెగ్నీషియం పొడి భగ్గున మండేది. బెదిరిన జింక పారిపోయేది, ప్రాణాలతోనే. తర్వాత దారికడ్డంగా తీగ కట్టాడు. కాలు తగిలితే చాలు, జంతువు తన ఫోటో తానే అతి దగ్గర్నుంచి తీసుకున్నట్టే.

1906 జూలై నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అతని ఫోటోలు 74 అచ్చయ్యాయి. అంతకుముందే, 1904లో, కాంగ్రెసు సభ్యుడిగా వలసపక్షుల రక్షణకు బిల్లు పెట్టాడు. అప్పుడు నెగ్గలేదు. 1918లో చట్టం వచ్చింది. షిరాస్ 1942 దాకా బతికాడు.