కూతురికి దక్కిన గద్దె


నన్ను క్లాసు లీడరుగా పెట్టినప్పుడు, ఆడపిల్ల మాట మేం వినాలా అని కొందరు అబ్బాయిలు నవ్వారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. తర్వాత రుద్రమదేవి చరిత్ర చదివాను.

ఆమె తండ్రి కాకతీయ గణపతిదేవుడు. మన పామిడిముక్కలకు దిగువనున్న దివిసీమను గెలిచింది ఆయనే. కొడుకులు లేనందున కూతురికే రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజని మగపేరుతో రాశారు.

1262 నుంచి ఆమె ఓరుగల్లును సొంతంగా ఏలింది. కొందరు సామంతులు తిరగబడ్డారు. రేచెర్ల ప్రసాదిత్యుడు వంటివారు ఆమె పక్షాన నిలిచారు. దేవగిరి రాజు మహాదేవుడు దండెత్తి వస్తే తరిమికొట్టింది.

ఇంగ్లండులో అంతకు నూరేళ్ల ముందే మెటిల్డాకూ ఇదే కష్టం వచ్చింది. 1135లో తండ్రి మొదటి హెన్రీ చనిపోగానే మేనత్త కొడుకు స్టీఫెన్ గద్దె ఎక్కాడు. ఏళ్ల తరబడి పోరాడినా ఆమెకు కిరీటం దక్కలేదు. రుద్రమ మాత్రం దక్కినదాన్ని నిలుపుకుంది.

చివరకు సొంత సామంతుడు కాయస్థ అంబదేవుడే ఎదురు తిరిగాడు. 1289లో ఆ పోరులోనే ఆమె మరణించిందని చరిత్రకారులు అంటారు. ఆమె మరణం సంగతి నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. తర్వాత మనవడు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు.

రాజ్యమేలడానికి మగపేరు కావలసి వచ్చిందే అని నాకు బాధేసింది. కానీ రాజ్యం ఏలింది పేరు కాదు, ఆమే కదా! నేను లీడరుగానే ఉంటాను. రేపు హాజరు నేనే పిలుస్తాను.