బుల్లి కందిరీగలకు ఇంటి పేర్లు పెట్టిన జిరాల్ట్

పిల్లలూ, కందిరీగ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? కుట్టడం, "బాబోయ్" అని పరుగెత్తడం, అంతే కదా! కానీ చాలా రకాల కందిరీగలు మనల్ని కుట్టవు. కొన్నైతే మన కంటికి సరిగా కనబడవు కూడా. ట్రైకోగ్రామా అనే కందిరీగ పొడవు సుమారు అర మిల్లీమీటరే. ఆవగింజ కన్నా చిన్నదన్నమాట!

ఇది రెక్కల పురుగు గుడ్డుకు రంధ్రం చేసి, లోపల తన గుడ్డు పెడుతుంది. అందులో పుట్టిన పిల్ల ఆ గుడ్డు లోపల ఉన్నదంతా తినేస్తుంది. చివరికి గొంగళిపురుగు రావాల్సిన చోటు నుంచి కందిరీగ బయటికి వస్తుంది! ఇలా బతికేవాటిని పరాన్నజీవులు అంటారు. 'పర' అంటే ఇతరులు, 'అన్నం' అంటే తిండి.

ఇలాంటి బుల్లి కందిరీగలకు పేర్లు పెట్టడమే జీవితంగా గడిపిన మనిషి అలెగ్జాండర్ ఆర్సెన్ జిరాల్ట్. ఆయన 1884లో అమెరికాలోని అనాపొలిస్‌లో పుట్టారు. 1911లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వెళ్లారు. చెరకును పాడుచేసే పురుగుల మీద పనిచేయడం అక్కడ ఆయన ఉద్యోగం. మనసు మాత్రం ఈ కందిరీగల మీదే! అక్కడ ఎటు చూసినా పేరు లేనివే కనిపించాయి మరి.

పేరు ఎలా పెడతారో తెలుసా? మన తెలుగువాళ్లకు ముందు ఇంటి పేరు, తర్వాత సొంత పేరు ఉంటాయి కదా. జీవులకూ అంతే. ముందు ప్రజాతి పేరు, తర్వాత జాతి పేరు. మైక్రోస్కోప్ కింద పాదంలో ఎన్ని కణుపులున్నాయి, మీసాల్లో ఎన్ని ముక్కలున్నాయి, రెక్క మీద వెంట్రుకలు ఎలా ఉన్నాయి అని చూస్తారు. తెలిసిన ఏ ప్రజాతిలోనూ అది ఇమడకపోతే, దానికి కొత్త 'ఇంటి పేరు' కావాలి.

జిరాల్ట్‌కు కవులన్నా, సంగీతమన్నా ప్రాణం. అందుకే ఒక కందిరీగ పేరు గోథియానా షేక్‌స్పియరీ, ఇంకోదాని పేరు మొజార్టెల్లా బీథోవెని! ఆయన 3,000కు పైగా కొత్త జాతులకు, ప్రజాతులకు పేర్లు పెట్టారు.

ఆయనకు కోపం కూడా ఎక్కువే. తనకు నచ్చని ఒక శాస్త్రవేత్తను వెక్కిరించడానికి, గురుగ్రహం నుంచి వచ్చిందంటూ లేని పురుగుకు పేరు పెట్టి 1920లో అచ్చు వేయించారు! సొంత డబ్బుతో ఎన్నో చిన్న పుస్తకాలు వేసుకున్నారు. వాటిలో కందిరీగల వర్ణనల పక్కనే కవితలు, పైవాళ్ల మీద విసుర్లు ఉండేవి. చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు, మానసిక అనారోగ్యంతో బాధపడ్డారు. 1941లో మరణించారు.

ఆయన వర్ణనలు చాలావరకు రెండు మూడు ముక్కల్లో ఉండేవి. అవి చదివి ఏది ఏ కందిరీగో చెప్పడం తర్వాతివాళ్లకు చాలా కష్టమైంది. అయినా ఒక మేలు జరిగింది. ఆయన గాజు పలకల మీద అతికించిన కందిరీగలు ఎన్నో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ మ్యూజియంలో ఉన్నాయి. అనుమానం వస్తే వాటినే మళ్లీ చూడొచ్చు.

ఈ పేర్ల గొడవ మనకెందుకు అంటారా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులు ట్రైకోగ్రామా అట్టలను చెరకు, వరి ఆకులకు కడతారు. అట్ట మీది గుడ్ల నుంచి కందిరీగలు వచ్చి, పంటను తొలిచే పురుగుల గుడ్లను వెతుక్కుంటాయి. 1912లో జిరాల్ట్ ఒక ట్రైకోగ్రామాకు ఆస్ట్రాలికం అని పేరు పెట్టారు. ఇండియా చెరకు పొలాల్లో ఉన్నది కూడా అదేనని చాలా ఏళ్లు అనుకున్నారు. జాగ్రత్తగా పోల్చి చూస్తే అది వేరే జాతి అని తేలింది. దాని పేరు కిలోనిస్. ఒక్కో జాతికి ఒక్కో అలవాటు. పేరు తప్పైతే, పొలంలో వదిలే కందిరీగే తప్పు కావచ్చు!

ఇప్పుడు మీ వంతు: మీ ఇంటి దగ్గర ఒక పురుగును చూడండి. దాన్ని ముట్టుకోవద్దు. కాళ్లు, రెక్కలు, మీసాలు, రంగు గురించి తెలుగులో ఐదు వాక్యాలు రాయండి. పురుగు పేరు చెప్పకుండా మీ స్నేహితులకు చదివి వినిపించండి. వాళ్లు గుర్తుపట్టారా?