డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్

హైదరాబాదు నుండి నిజామాబాదుకు పోయే రైలుమార్గంలో, గమ్యానికి కొద్దిదూరం ముందుగా డిచ్‌పల్లి స్టేషను వస్తుంది. గుట్టమీది రామాలయం వలన ఈ ఊరు పూర్వమే ప్రసిద్ధం. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వెలసిన తరువాత విద్యార్థిలోకానికి సుపరిచితమైంది. ఈ రెండు ప్రసిద్ధుల నడుమ, ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో, డిచ్‌పల్లి పేరు వేరొక కారణంచేత దూరదేశాల వైద్యులకు కూడా తెలిసింది. కుష్ఠువ్యాధి నయమవుతుందా, నయమైనదని ఎట్లా నిర్ణయించాలి అనే ప్రశ్నలకు సమాధానం వెతికిన చోట్లలో అది ఒకటి. అక్కడి వైద్యశాలకు ప్రాణం పోసిన వ్యక్తి ఇసబెల్ కెర్.

కుష్ఠువును మన పల్లెలలో పెద్దరోగమనీ, మహారోగమనీ వ్యవహరించేవారు. దానిని పేరుపెట్టి పలకడానికే జనం జంకేవారు. శ్రీకృష్ణుని కుమారుడైన సాంబుడు తండ్రి శాపంవలన ఈ వ్యాధికి లోనై, సూర్యారాధనచేత స్వస్థుడైనాడని పురాణకథ. సూర్యశతకం రచించి మయూరకవి దీనినుండి విముక్తి పొందినాడని ఐతిహ్యం. ఈ రెండు కథలలోనూ వైద్యుడు కనిపించడు. మనుషులెవ్వరూ దగ్గరకు రాని రోగికి ఆకాశంలోని సూర్యుడొక్కడే దిక్కయినాడు. అయితే మన ప్రాచీన వైద్యశాస్త్రం ఈ విషయంలో మౌనం వహించిందనుకోరాదు. సుశ్రుతసంహిత కుష్ఠుచికిత్సలో తువరకమనే చెట్టుగింజల తైలాన్ని పేర్కొన్నది. ఆ తైలప్రసక్తి ఈ జీవితకథలో మళ్ళీ రాగలదు.

ఈ వ్యాధికి కారణం పాపమూ కాదు, వంశదోషమూ కాదు, ఒక సూక్ష్మజీవి మాత్రమేనని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. అది శరీరంలో అత్యంత మందగతిని వృద్ధిచెందుతుంది. సోకిన కొన్ని సంవత్సరాలకుగాని లక్షణాలు బయటపడవు. చాలామందికి దానిని ఎదుర్కొనే శక్తి సహజంగానే ఉంటుంది. ముందుగా చర్మంపై పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చను దూదితో తాకినా రోగికి తెలియదు. తరువాత మోచేయి వంటి చోట్ల నరాలు ఉబ్బుతాయి. చేతులు, కాళ్ళు స్పర్శజ్ఞానాన్ని కోల్పోతాయి. పొయ్యిలోని నిప్పు తగిలినా, కాలిలో ముల్లు దిగినా బాధ తెలియదు గనుక పుండ్లు పడతాయి. అవి మానక ముదిరి వేళ్ళు కురుచబడతాయి. వ్యాధివలన వేళ్ళు రాలిపోతాయని లోకం తలచింది. నిజానికి బాధను తెలిపే నరాలు నశించడమే ఆ వికృతికి మూలం. ఆ రూపాన్ని చూసి భయపడిన సమాజం రోగిని ఊరి వెలుపలికి నెట్టింది. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి చట్టం, బిచ్చమెత్తుకొనే నిరుపేద రోగులను పట్టి ఆశ్రమాలలో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ఆశ్రమాలు తిండి, నీడ ఇచ్చినమాట నిజం. కాని వాటిలోనికి వెళ్ళినవారు తిరిగి వస్తారని ఎవరూ అనుకోలేదు.

ఇసబెల్ 1875లో స్కాట్లండులో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. పుట్టింటిపేరు గన్. స్కాట్లండు విశ్వవిద్యాలయాలు స్త్రీలకు పట్టాలిచ్చే ద్వారం తెరిచింది 1892లో. ఆ తరువాత చదువుకొన్న తొలితరం యువతులలో ఒకరుగా ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యనభ్యసించి, 1903లో పట్టభద్రురాలైనారు. అదే సంవత్సరం జార్జి కెర్ అనే మతప్రచారకుని వివాహమాడారు. 1907లో భార్యాభర్తలిద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్ పక్షాన హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. కొంతకాలానికి వారి నివాసం నిజామాబాదుకు మారింది. ఇందూరు అనే పాతపేరుపోయి ఆ పట్టణానికి నిజామాబాదు అనే పేరు వచ్చింది 1905లోనే. కొత్తపేరుకు జనం ఇంకా పూర్తిగా అలవాటుపడని రోజులవి.

మిషన్ వైద్యురాలిగా ఆమె ముందు నానావిధ రోగాలు ఉన్నాయి. కాని వైద్యశాల వరండాలో ఇతరులతోపాటు కూర్చోవడానికి కూడా అర్హత లేనివారు కుష్ఠురోగులు. వారిని లోనికి రానిస్తే తక్కినవారు రారు. రానీయకపోతే వారికి మరొక చోటు లేదు. ఈ చిక్కుకు పరిష్కారంగా 1911 నాటికి కెర్ దంపతులు నిజామాబాదులో కుష్ఠురోగులకై ప్రత్యేకంగా ఒక చిన్న కేంద్రాన్ని ఏర్పరచారు. అది వచ్చేవారికి చాలకపోయింది. అప్పుడు నర్సాగౌడ్ అనే హిందూ దాత ముందుకువచ్చి పెద్దమొత్తం విరాళంగా ఇచ్చారు. ఆ ధనసహాయంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగ వైద్యశాల వెలసింది. క్రైస్తవ మిషన్ నిర్వహణ, హిందూ దాత ఔదార్యం, నిజాం ప్రభువు రాజ్యం. నాటి తెలంగాణ సమాజ స్వరూపం ఆ వైద్యశాల పునాదిలోనే ఉన్నది. నిర్వహణభారం జార్జిది, చికిత్స ఇసబెల్‌ది.

అయితే చికిత్స అనడానికి ఆనాడు ఆమె చేతిలో ఏమున్నది? పుండ్లు కడగడం, కట్టుకట్టడం, పుష్టికరమైన ఆహారం, మంచిమాట. వీటికి తోడు చాల్‌మోగ్రా నూనె. సుశ్రుతుడు చెప్పిన తువరకం ఈ జాతి చెట్టే. పడమటి కనుమలలో పెరిగే దీనిని శాస్త్రజ్ఞులు హిడ్నోకార్పస్ అంటారు. మనవారు అడవిబాదమన్నారు. 1854లో మౌయట్ అనే వైద్యుడు కలకత్తాలో దీని గుణాన్ని ప్రకటించినప్పటినుండి పాశ్చాత్యవైద్యులు కూడా వాడనారంభించారు. దానిని త్రాగించడమే పెద్ద సమస్య. వెగటు, వాంతి, కడుపులో వికారం. రోజుకు కొన్ని చుక్కలతో మొదలుపెట్టి నెలల తరబడి పెంచుకొంటూ పోవాలి. ఎక్కువమంది రోగులు మధ్యలోనే మానివేసేవారు. వ్యాధికంటె మందే దుర్భరమైన సందర్భమది. నూనెను సూదిద్వారా కండలోనికి ఎక్కిస్తే చిక్కదనంవలన లోపల గడ్డకట్టి, వాచి, చీముపట్టేది. నూనెలోని ఆమ్లాలను వేరుచేసి, సూదికి అనువైన పలుచని ద్రవంగా మార్చే విధానం హవాయి దీవులలో ఆలిస్ బాల్ అనే యువశాస్త్రవేత్త కృషివలన సాధ్యమైంది. ఆమె 1916లో, ఇరవైనాలుగేళ్ళ ప్రాయంలోనే మరణించింది. ఆమె పేరు చాలాకాలం మరుగునపడిపోవడం విజ్ఞానచరిత్రలోని అన్యాయాలలో ఒకటి. ఇటు కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఆ వెనుక ఎర్నెస్ట్ మ్యూర్ ఈ మార్గంలోనే కృషిచేశారు.

మ్యూర్ ప్రతిపాదించిన పద్ధతి 1920ల ఆరంభంలో డిచ్‌పల్లికి చేరింది. ఇసబెల్ దానిని శ్రద్ధగా అమలుజరిపారు. హిడ్నోకార్పస్ మందును క్రమంతప్పక సూదిద్వారా ఇవ్వడం, చర్మంపై మచ్చ ఉన్నచోటనే చిన్నచిన్న మోతాదులలో ఎక్కించడం అందులో భాగాలు. కొక్కెపురుగు, పోషకాహారలోపం వంటి ఇతర బాధలను ముందుగా తొలగించి దేహాన్ని బలపరచాలన్నది మ్యూర్ నొక్కిచెప్పిన మరొక విషయం. ఒక్కొక్క రోగికి ఇది నెలలు కాదు, సంవత్సరాల దీక్ష. సూది పొడిచినచోట నొప్పి, జ్వరం, ఒక్కొక్కప్పుడు ఒళ్ళంతా మచ్చలెర్రబారి వాచే ఉద్రేకస్థితి. అది మందు పనిచేస్తున్న చిహ్నమా, హానిచేస్తున్న చిహ్నమా అని వైద్యులు తర్జనభర్జనపడేవారు. మోతాదు తగ్గించాలా, ఆపాలా, కొనసాగించాలా అన్నది రోగి మంచం ప్రక్కన నిలిచి నిర్ణయించవలసిన విషయం. గ్రంథాలలో దానికి సమాధానం ఇంకా వ్రాయబడలేదు.

ఫలితాలు ఆశాజనకంగా కనిపించాయి. వ్యాధి తొలిదశలో వచ్చినవారిలో మచ్చలు తగ్గడం, సూక్ష్మదర్శినిలో క్రిములు కనిపించకపోవడం జరిగింది. లక్షణాలు శమించినవారు ఇండ్లకు తిరిగిపోయారు. ఆశ్రమం నుండి మనిషి బయటికి రావడం అంతకుముందు ఎరుగని వింత. ఆ వార్త ఊరూరా పాకడంతో రోగులు తమంత తాముగా రాసాగారు. వ్యాధిని దాచుకొని చివరిదశలో వచ్చే బదులు, మొదటి మచ్చ కనిపించగానే రావడం మొదలైంది. 1923లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకంతో ఆమె సేవను గుర్తించింది.

ఇక్కడ ఒక ప్రశ్నను తప్పించుకోరాదు. ఆ నూనె నిజంగా వ్యాధిని నయంచేసిందా? కుష్ఠువులో కొన్ని రకాలు, ముఖ్యంగా ఒకటి రెండు మచ్చలకే పరిమితమైనవి, ఏ మందూ లేకుండానే కాలక్రమంలో శమించగలవు. పైగా వైద్యశాలలో చేరిన పేదరోగికి కడుపునిండా తిండి, విశ్రాంతి, పుండ్లకు సంరక్షణ కూడా లభించాయి. మందు పుచ్చుకొన్నవారిని, పుచ్చుకోనివారిని పక్కపక్కన ఉంచి సంవత్సరాల తరబడి పోల్చి చూచిననాడుగాని బాగుపడినది దేనివలనో తేలదు. అటువంటి పరీక్షలు ఆ కాలానికి ఇంకా అలవాటు కాలేదు. మూడువంతుల ఆశ, ఒకవంతు ఆధారం. నాటి వైద్యులలోనే ఈ నూనెపట్ల భిన్నాభిప్రాయాలుండేవి. వ్యాధి ముదిరిన రోగులలో అది తగినంత పనిచేయదనీ, ఇంటికి పోయిన కొందరిలో వ్యాధి తిరగబెడుతుందనీ అనుభవం నేర్పింది. ఇంత తెలిసిన ఈ కాలంనుండి చూచి ఇసబెల్‌ను తప్పుపట్టడం సులభం, కాని న్యాయం కాదు. ఉన్నవాటిలో మేలైన మందును ఆమె క్రమశిక్షణతో వాడారు. అంతకుమించిన మందు అప్పటికి భూమిమీద లేదు.

ఈ సందేహాన్ని ముందుకు తీసుకొనిపోయినవాడు డిచ్‌పల్లిలోనే తయారైనాడు. 1920ల దశకంలో జాన్ లో అనే యువవైద్యుడు అక్కడ పనిలో చేరారు. స్పర్శలేని మచ్చలను గుర్తించడం, ఉబ్బిన నరాలను తడిమి తెలుసుకోవడం, మందుకు దేహం ప్రతిస్పందించే తీరును పరిశీలించడం, ఇదంతా ఆయనకు డిచ్‌పల్లి రోగుల నడుమ అలవడిన విద్య. అనంతరం ఆయన కలకత్తాలోని ఉష్ణమండలవ్యాధుల విద్యాలయంలో కుష్ఠుపరిశోధన కొనసాగించారు.

ఇసబెల్ కెర్ 1932లో డిచ్‌పల్లిలోనే కన్నుమూశారు. అప్పటికి ఆమె ఈ దేశానికి వచ్చి పాతికేళ్ళు కావస్తున్నది. అప్పటికింకా హిడ్నోకార్పస్ నూనెదే రాజ్యం. దానిని తోసిరాజనే మందు వచ్చే రోజును చూచే భాగ్యం ఆమెకు కలుగలేదు.

ఆ రోజు మరి పదేళ్ళకు వచ్చింది. అమెరికాలోని కార్‌విల్ వైద్యశాలలో గై ఫేజెట్ 1941లో ప్రోమిన్ అనే సల్ఫోను మందును రోగులకిచ్చి చూడగా మునుపెన్నడూ లేని గుణం కనిపించింది. అయితే దానిని నరంలోనికి ఎక్కించాలి, ఖరీదు కూడా అధికం. దానికి మూలద్రవ్యమైన డాప్సోనును పెద్దమోతాదులలో వాడి విషలక్షణాలు చూచిన వైద్యులు దానిని పక్కన పెట్టియున్నారు. 1940ల చివర నైజీరియాలోని ఉజువకోలి కేంద్రంలో దానిని తిరిగి చేపట్టినవారిలో ముఖ్యుడు మన జాన్ లో. రోజుకు గ్రాములో కొద్దిభాగం మాత్రమే, అదీ నోటిద్వారా ఇస్తే, మందు చక్కగా పనిచేస్తుందనీ, ఎక్కువమందికి హాని చేయదనీ ఆయన నిరూపించారు. 1950 నాటికి వైద్యలోకం దీనిని గ్రహించింది. చవకైన మాత్రతో, సూది అవసరం లేకుండా, ఇంటివద్దనే చికిత్స సాధ్యమైంది.

కొత్తమందు గుణాన్ని చాటినవారే దాని దోషాన్నీ దాచకుండా వెల్లడించడం గమనింపదగినది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు కొద్దిమందిలో జ్వరం, గ్రంథుల వాపు, కాలేయపీడ కలిగి, ఒంటిమీది చర్మం పొలుసులుగా రాలిపోవడాన్ని లో, ఆయన సహచరుడు స్మిత్ 1949లోనే వర్ణించారు. చర్మవ్యాధికిచ్చిన మందే చర్మానికి ముప్పు తెచ్చిన సందర్భమది. నేటికీ డాప్సోను వాడే వైద్యులు మొదటి వారాలలో ఈ లక్షణాలకై కనిపెట్టి ఉంటారు.

డాప్సోను ఒక్కటే చాలునన్న ధైర్యమూ ఎక్కువకాలం నిలువలేదు. 1960లలో దానికి లొంగని క్రిములు బయటపడ్డాయి. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ డాప్సోనుకు రిఫాంపిసిన్, క్లోఫజిమిన్ జోడించి బహుళౌషధచికిత్సను సిఫారసుచేసింది. వీటిలో క్లోఫజిమిన్ చర్మాన్ని నల్లబరుస్తుంది. మందు ఆపిన తరువాత ఆ రంగు మెల్లగా తగ్గుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే భయపడి మందు మానివేసే రోగులున్నారు. చాల్‌మోగ్రా త్రాగలేక మానినవారి కథకు ఇది మరొక రూపం.

కుష్ఠువును ప్రజారోగ్యసమస్యగా నిర్మూలించే లక్ష్యాన్ని జాతీయస్థాయిలో సాధించినట్లు భారతదేశం 2005 చివర ప్రకటించింది. అయినా కొత్తరోగులు ఏటా బయటపడుతూనే ఉన్నారు. 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. మచ్చలు కొద్దిగా ఉన్నవారికి ఆరు నెలలు, ఎక్కువగా ఉన్నవారికి పన్నెండు నెలలు మాత్రలిస్తారు. మందు ఉచితం. మొదటి మోతాదులు పడిన కొద్ది రోజులకే రోగినుండి వ్యాధి ఇతరులకు సోకే అవకాశం దాదాపు తొలగిపోతుంది. ఆ రోగి ఇల్లు విడిచి ఎక్కడికీ పోనవసరం లేదు. చదువుకొనేవాడైతే మరునాడు తరగతిలో తన స్థానంలోనే కూర్చోవచ్చును.