క్రియ తర్వాత ఏమొస్తుందో తేల్చిన మాస్టారు

చిన్న పరీక్ష. ‘ఆఫీసు ఎక్కడుందో చెప్పగలరా?’ అన్న మాటని ఇంగ్లిష్‌లో చెప్పండి.

‘కెన్ యు టెల్ మి వేర్ ఈజ్ ద ఆఫీస్’ అన్నారా? నేనూ అలాగే అనేవాణ్ని, బీటెక్ నాలుగేళ్లూ, మొదటి ఉద్యోగంలో కొన్నాళ్లూ. ఓ రోజు క్లయింటుకు పంపాల్సిన మెయిల్ చూసి మా సీనియర్ ఆ ‘ఈజ్’ని తీసుకెళ్లి వాక్యం చివర పెట్టాడు. ‘వేర్ ద ఆఫీస్ ఈజ్’. ఎందుకని అడిగితే, అదంతే అన్నాడు. ఆ ‘అదంతే’ నాకు నచ్చలేదు. కోడ్‌లో అలా చెబితే ఊరుకుంటామా? వెతుక్కుంటూ పోతే చివరికి ఒక పాత డిక్షనరీ దగ్గర ఆగాను. దాని అట్ట మీద పేరు మీరు చూసే ఉంటారు: హార్న్‌బీ.

ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ 1898లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో నౌకాదళంలో పనిచేసి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిష్ డిగ్రీ చేశారు. 1924లో జపాన్‌లోని ఓయితా అనే ఊళ్లో, ఒక వాణిజ్య కళాశాలలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పే ఉద్యోగం వస్తే ఓడెక్కారు. తీరా వెళ్లాక తెలిసిందేమిటంటే, ఆ కుర్రాళ్లకు కావాల్సింది సాహిత్యం కాదు, నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయడం. ఆయన రూటు మార్చేశారు. టోక్యోలో హెరాల్డ్ పామర్ అనే భాషావేత్త ఇంగ్లిష్ బోధన మీద ఒక పరిశోధన సంస్థ నడుపుతున్నాడు. హార్న్‌బీ ఆయనతో చేతులు కలిపారు. 1936లో పామర్ ఇంగ్లండ్ వెళ్లిపోయినా, ఈయన ఉండిపోయి ఆ పని ముందుకు తీసుకెళ్లారు.

ఏమిటా పని? విద్యార్థికి ఒక మాట అర్థం తెలిసినా, దాని తర్వాత ఏం పెట్టాలో తెలీదు. తెలిసిన క్రియని చూసి తెలియని క్రియని వాడేస్తాడు. ‘టెల్ మి వై’ అంటాం కదా అని ‘ఎక్స్‌ప్లెయిన్ మి వై’ అనేస్తాడు. అక్కడ ‘టు మి’ ఉండాలని ఏ డిక్షనరీ అర్థమూ చెప్పదు. మన భాషలో చెప్పాలంటే, ఫంక్షన్ పేరు తెలుసు గానీ అది ఏ ఇన్‌పుట్ తీసుకుంటుందో తెలీదు. హార్న్‌బీ, ఇ.వి. గేటెన్‌బీ, హెచ్. వేక్‌ఫీల్డ్ కలిసి తయారుచేసిన డిక్షనరీలో క్రియల్ని 25 నమూనాలుగా విడగొట్టి, ప్రతి క్రియ పక్కనా అది ఏ నమూనాలో నడుస్తుందో అంకె వేశారు.

వాటిలోనే మన ‘ఎక్కడుందో’ కూడా ఉంది. నో, ఆస్క్, వండర్, రిమెంబర్ లాంటి క్రియల వెనక ఓ పూర్తి ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. కూర్చోగానే దాని ప్రశ్న వేషం పోతుంది. ‘వాట్ డిడ్ హి సే’లోని ‘డిడ్’ మాయమై, ‘ఐ రిమెంబర్ వాట్ హి సెడ్’ అవుతుంది. ‘ఈజ్ హి కమింగ్’కి ముందు ప్రశ్న పదం లేదు కాబట్టి ఇఫ్ గానీ వెదర్ గానీ అరువు తెచ్చుకుంటుంది: ‘ఆస్క్ హిమ్ ఇఫ్ హి ఈజ్ కమింగ్’. ఇంకొన్ని చోట్ల కర్త కూడా అక్కర్లేదు: ‘ఐ డోంట్ నో వాట్ టు డు’.

ఇదే పని మన తెలుగు ఒక్క ‘ఓ’తో చేసేస్తుంది! ‘ఎక్కడుంది?’కి ఓ తగిలిస్తే ‘ఎక్కడుందో’. ‘వస్తాడా?’ కాస్తా ‘వస్తాడో రాడో’. మాటల వరస కదలదు. జపనీస్‌లోనూ ప్రశ్న చివర ‘క’ అనే చిన్న మాట ఉంటుంది, వరస మారదు. అందుకే ఓయితా కుర్రాడైనా, ఒంగోలు కుర్రాడైనా ఇంగ్లిష్‌లో ప్రశ్నని ఉన్నదున్నట్టు దించేస్తాడు. తెలివితక్కువతనమేం కాదది. ఐర్లండ్‌లో మాట్లాడే ఇంగ్లిష్‌లో కూడా ఇలా అనడం ఉంది. కాకపోతే బ్యాంకు పరీక్షలో తప్పు కనిపెట్టమనే ప్రశ్న పెట్టేవాడు ఐర్లండ్ సంగతి వినడు.

‘థింక్’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘డు యు నో వాట్ హి వాంట్స్’ సరే. ‘డు యు థింక్ వాట్ హి వాంట్స్’ కుదరదు, ‘వాట్ డు యు థింక్ హి వాంట్స్’ అనాలి. ఎందుకంటే మొదటిదానికి జవాబు అవును, కాదు. రెండోదానికి జవాబు అతనికి కావాల్సిన వస్తువు. అడుగుతున్న అసలు ప్రశ్న అదే కాబట్టి ‘వాట్’ ముందుకొచ్చి నిలబడుతుంది. గ్రూప్ డిస్కషన్‌లో నేను ఎక్కువగా వినే తప్పు ఇదే.

మళ్లీ టోక్యోకి. డిక్షనరీ పని పూర్తయ్యేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. 1941 డిసెంబర్‌లో జపాన్, బ్రిటన్ శత్రువులయ్యాయి. హార్న్‌బీని నిర్బంధించారు. విచిత్రం చూడండి, మనిషి శత్రువు, ఆయన పుస్తకం మాత్రం కాదు. 1942లో టోక్యోలోని కైతకుషా సంస్థ ఆ డిక్షనరీని అచ్చేసింది. అదే ఏడాది ఆయన్ని విడిచిపెట్టి స్వదేశానికి పంపారు. పద్దెనిమిదేళ్లు బతికిన దేశం వదిలి వెళ్లేటప్పుడు, ఆ పుస్తకం జపాన్ దాటి ఎవరైనా చూస్తారన్న గ్యారంటీ ఏముంది?

ఆయన ఖాళీగా కూర్చోలేదు. బ్రిటిష్ కౌన్సిల్ తరఫున ఇరాన్ వెళ్లి టెహ్రాన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1946లో ఇంగ్లిష్ బోధించేవాళ్ల కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ఆ టోక్యో పుస్తకాన్నే, కొత్తగా అక్షరాలు కూర్చకుండా, పేజీలు ఫొటో తీసి మళ్లీ అచ్చేసింది. 1952లో దాని పేరులో ‘అడ్వాన్స్‌డ్’ చేరింది. మన లైబ్రరీల్లో అట్టలు ఊడిపోయి కనిపించే ఆ లావుపాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ మూలం ఇదీ. 1954లో ఈ నమూనాలన్నీ వివరిస్తూ విడిగా ఒక పుస్తకం కూడా రాశారు.

ఒక లోపం ఒప్పుకోవాలి. ఆ అంకెలు చదవడం కష్టం. కోడ్‌కి అర్థం వెతకడానికి ముందు పేజీలకి ఎన్నిసార్లు పరిగెడతాం? నేను మూడో కూర్పు తిరగేసినప్పుడు పది నిమిషాల్లో విసుగొచ్చింది. తర్వాతి కూర్పులు ఆ అంకెల్ని వదిలేశాయి. కానీ ప్రతి క్రియా ఏం తీసుకుంటుందో చెప్పి తీరాలన్న పట్టు మాత్రం వదల్లేదు.

పుస్తకాల మీద డబ్బు బాగానే వచ్చింది. 1961లో ఒక ట్రస్టు పెట్టి, ఆ రాబడిలో పెద్ద భాగాన్ని దానికి మళ్లించారు. ఇతర దేశాల ఇంగ్లిష్ టీచర్లు బ్రిటన్ వెళ్లి చదువుకోడానికి ఆ ట్రస్టు స్కాలర్‌షిప్పులు ఇస్తూ వచ్చింది. టీచింగ్ వైపు ఉన్నవాళ్లు హార్న్‌బీ స్కాలర్‌షిప్ అన్న మాట గుర్తుపెట్టుకోండి. 1974లో మూడో కూర్పు చూసుకుని, 1978లో ఎనభై ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ డిక్షనరీ మీ ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ‘నో’ అని కొట్టండి. అర్థం పక్కనే ‘నో హౌ, వాట్’ అంటూ ఉదాహరణలు కనిపిస్తాయి. ఆ తర్వాత ‘సజెస్ట్’ కొట్టి, మీ చివరి మెయిల్‌లో ‘సజెస్ట్ మి’ అని రాశారో లేదో ఓసారి చూసుకోండి.