కాలా అజార్‌ను జయించిన ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో అస్సాంలోని పల్లెలను ఒక జ్వరం నిర్మానుష్యం చేసింది. వారాల తరబడి విడవని జ్వరం, ఉబ్బిన ప్లీహం, శల్యమైన దేహం, నల్లబడే చర్మం దాని లక్షణాలు. కాలా అజార్‌గా పేరుపడిన ఆ వ్యాధి సోకి, చికిత్స అందనివారిలో అత్యధికులు మరణించేవారు. ఆ మృత్యువుకు అడ్డుకట్ట వేసిన వైద్యుడు సర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి.

ఆయన 1873 డిసెంబరు 19న బిహార్‌లోని జమాల్‌పూర్‌లో జన్మించారు. తండ్రి నీలమణి బ్రహ్మచారి రైల్వే వైద్యుడు. గణితంలో పట్టభద్రుడైన ఉపేంద్రనాథ్ రసాయనశాస్త్రాన్నీ, వైద్యాన్నీ అభ్యసించి, 1902లో ఎండీ, 1904లో పీహెచ్‌డీ పట్టాలు పొందారు. రసాయనశాస్త్రంలో ఆ ప్రవేశమే తర్వాతి కాలంలో ఆయనకు అక్కరకు వచ్చింది.

వ్యాధికారకమైన పరాన్నజీవిని 1903లో విలియం లీష్మన్, మద్రాసులో పనిచేస్తున్న చార్లెస్ డోనవన్ వేర్వేరుగా వెల్లడించారు. 1915 నాటికి ఆంటిమొని లవణాలతో చికిత్స మొదలైంది. అయితే అది నెలల తరబడి సాగేది; విషప్రభావమూ ఎక్కువే. రోగికి హాని తక్కువగా, క్రిమికి ప్రాణాంతకంగా ఉండే ఆంటిమొని సమ్మేళనం కోసం బ్రహ్మచారి కలకత్తా క్యాంప్‌బెల్ వైద్య పాఠశాలలో అన్వేషణ సాగించారు. గ్యాసు, కొళాయి నీరు లేని చిన్న గదే ఆయన ప్రయోగశాల. రాత్రివేళ కిరోసిన్ దీపమే వెలుగు. 1920లో అక్కడే యూరియా స్టిబమైన్ రూపుదిద్దుకుంది. నెలల చికిత్స వారాలకు తగ్గింది. అస్సాం ప్రభుత్వం విస్తృతంగా వాడిన ఆ మందు అసంఖ్యాకుల ప్రాణాలు నిలిపింది. జ్వరం నయమైన కొందరికి తర్వాత చర్మంపై వచ్చే మచ్చలలోనూ ఆ పరాన్నజీవే ఉందని 1922లో ఆయన వెల్లడించారు.

మందు దొరికినా, వ్యాధిని మోసుకొచ్చేదేమిటో అప్పటికింకా తేలలేదు. దోమలో మూడో వంతు ఉండే ఇసుక ఈగపై అనుమానం బలపడుతూ వచ్చి, 1942లో స్వచ్ఛంద సేవకులపై జరిపిన ప్రయోగాలతో రుజువైంది. రక్తం పీల్చేది ఆడ ఈగే. దాని పిల్లపురుగులు నీటిలో కాక, పశువుల పాకల చెంత తేమ మట్టిలో పెరుగుతాయి.

1929లో బ్రహ్మచారి పేరు నోబెల్ బహుమతికి ప్రతిపాదితమైంది కానీ పురస్కారం దక్కలేదు. 1934లో సర్ బిరుదు పొందారు. 1936లో భారత సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. 1946 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

మందు ఉన్నా రోగికి అందకపోతే ఏమవుతుందో ఆయన మరణించిన నాలుగు దశాబ్దాలకు నైలు తీరాన తెలిసివచ్చింది. నేటి దక్షిణ సూడాన్‌లో నువేర్, డింకా పశుపాలకులు నివసించే పశ్చిమ అప్పర్ నైలు ప్రాంతంలో, అంతర్యుద్ధం నడుమ, 1984-94 మధ్య కాలా అజార్ ప్రబలింది. అక్కడి ఇసుక ఈగ జాతి వేరు. నల్లరేగడి నేలలోని తుమ్మ అడవులు దాని ఆవాసం. రాత్రివేళ ఆరుబయట కుడుతుంది. పశువులతో ఆరుబయట రాత్రులు గడిపేవారికీ, యుద్ధానికి వెరసి అడవుల వెంట పారిపోయేవారికీ దాని కాటు తప్పలేదు. సుమారు 2.8 లక్షల జనాభాలో దాదాపు లక్షమంది మరణించినట్లు పరిశోధకుల అంచనా. 1980ల చివర వైద్య బృందాలు అక్కడికి చేరాకే చికిత్స మొదలైంది. రోజుకొకటి చొప్పున నెల రోజులు వారిచ్చిన ఇంజక్షన్లు కూడా బ్రహ్మచారి మందు వలె ఆంటిమొని సమ్మేళనమే.